నంది హిల్స్‌కా, పక్క కొండకా? బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల కోసం

ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి అలారం పెట్టుకుని, పిల్లల్ని నిద్రలోనే ఎత్తి కార్లో పడుకోబెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరి, చివరికి నంది కొండ కింద బంపర్‌కి బంపర్ తగిలేంత ట్రాఫిక్‌లో ఆగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ముందు కారు వెనక లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆరు దాటింది. పక్కన పొలాల మీద ఎర్రగా వెలుగు పడింది. వెనక సీట్లోంచి మా చిన్నది లేచి, "నాన్నా, సూర్యుడు ఇక్కడే వచ్చేశాడు కదా, ఇంక ఇంటికి పోదామా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కారు తిప్పాను.

తిరిగి వస్తూ దారి పక్కన టీ తాగడానికి ఆగినప్పుడు నంది పక్కనే ఇంకో కొండ కనపడింది. ఎత్తులో నందికి పెద్దగా తీసిపోదు. దాని మీదికి వెళ్లే ఘాట్ రోడ్డు లేదు, కార్ల వరస లేదు. టీ కొట్టు ఆయన్ని నాకొచ్చిన అరకొర కన్నడలో "అదేం కొండండీ?" అని అడిగాను. నా యాస విని ఆయన నవ్వి తెలుగులోనే, "అది చన్నగిరి సార్. మీరంతా నందికే పోతారు, ఆడికెవురూ పోరు" అన్నాడు. చిక్కబళ్లాపురం చుట్టుపక్కల సగం ఊళ్లలో తెలుగు మాట్లాడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత మూడేళ్లలో ఆ చుట్టుపక్కల కొండలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కాను. కొన్ని రెండేసి సార్లు కూడా. ఆ అనుభవంతో రాస్తున్న సలహా ఇది.

పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే తేల్చేస్తాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే నందికే వెళ్లండి, కానీ మామూలు రోజున. మేఘాల మీంచి సూర్యుడు లేచే ఫోటోయే కావాలంటే స్కందగిరి. కార్ లేకపోయినా పర్వాలేదు, కాళ్లకి పని, కళ్లకి తీరిక కావాలనుకుంటే మాకళిదుర్గ. గుళ్లూ కథలూ ఇష్టమైతే, కొండ కాస్త చిన్నదైనా ఫర్వాలేదంటే కైవారం. చన్నగిరి సంగతి వేరు, అది అందరికీ చెప్పే కొండ కాదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు మన పెన్నేరు మాట

మాది జమ్మలమడుగు వైపు. అక్కడ పెన్నా నదిని పెన్నేరు అంటాం. చిన్నప్పుడు దాన్ని నీళ్లతో చూసినదాని కన్నా ఇసకతో చూసిందే ఎక్కువ. అది ఎక్కడో మైసూరు సీమలో పుట్టి వస్తుందని బళ్లో చదువుకున్నాం. ఎక్కడ పుడుతుందో ఎవరూ చూపించలేదు. బెంగళూరుకొచ్చి పన్నెండేళ్లు కాపురం చేశాక తెలిసింది, ఆ చోటు నేను వారం వారం ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్డు పక్కనే ఉందని. నంది వరసలో ఉన్న చన్నకేశవ కొండ మీద పెన్నేరు పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగుతుంది. గండికోట దగ్గర ఎర్ర బండల్ని కోసుకుని, నెల్లూరు దాటి సముద్రంలో కలిసేసరికి 597 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి, వేంపల్లె దగ్గర గండి ఆంజనేయస్వామి గుడి పక్కన పారే పాపాఘ్ని కూడా ఈ చిక్కబళ్లాపురం కొండల వైపు నుంచి వచ్చేవే. రెండూ చివరికి పెన్నేట్లోనే కలుస్తాయి. అనంతపురం, కడప, నెల్లూరు వాళ్లు ఎవరైనా ఈ కొండలెక్కితే అది పరాయి ఊరి టూరిజం కాదనిపిస్తుంది. కనీసం నాకైతే అలాగే అనిపించింది.

నంది: తిట్టుకుంటూనే వెళ్లే కొండ

నంది 1478 మీటర్లు. బెంగళూరు నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల కొండల్లో అదే పెద్దది, పైదాకా తారు రోడ్డు ఉన్నదీ అదే. కోట, టిప్పు వేసవి విడిది, టిప్పు డ్రాప్ అనే నిలువు కొండ అంచు, అమృత సరోవరం, తోటలు, హోటలు, బాత్‌రూములు అన్నీ పైనే ఉంటాయి. 1791లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం ఈ కోటని పట్టుకుంది. 1927లో ఒంట్లో బాగాలేనప్పుడు గాంధీ కొన్ని వారాలు ఇక్కడ విశ్రాంతి తీసుకున్నారు. చెప్పుకోడానికి చాలానే ఉంది, ఏమీ లేని కొండ కాదు.

దీని అసలు బలం పెద్దవాళ్లు, చంటిపిల్లలు. మా అత్తమ్మ, మామయ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చినప్పుడు ఒక బుధవారం సెలవు పెట్టి తీసుకెళ్లాను. తొమ్మిదింటికి పైకి చేరాం. జనం లేరు, చల్లటి గాలి. మామయ్య యోగనందీశ్వరుడి గుళ్లో అరగంట కూర్చున్నారు. కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి ఉంది. అది 9వ శతాబ్దం నాటిది, ఈ చుట్టుపక్కల ఇంత అందమైన గుడి ఇంకోటి లేదని నా అభిప్రాయం. కింద ఉన్నాయన భోగి, పైనున్నాయన యోగి. పైన స్వామి అన్నీ వదిలేసిన రూపంలో ఉంటాడు కాబట్టి ఉత్సవాలు, కల్యాణాలు చేయరని పూజారి చెప్పారు. అది విని మామయ్య, "పాపం, ఆయన ఏ సందడీ వద్దని కొండెక్కితే ఆదివారం మీ బెంగళూరంతా వచ్చి పడుతుందే" అన్నారు.

శని, ఆదివారాలు, పండగ సెలవులు, కొత్త సంవత్సరం తెల్లారి మాత్రం వద్దు. గేటు తెరిచే ముందే కింద వందల బైకులు ఆగి ఉంటాయి. ఒక్కోసారి వారాంతాల్లో సొంత బండ్ల మీద ఆంక్షలు పెడతారు, కాబట్టి బయల్దేరే ముందు రోజు రూల్స్ చూసుకోండి. ఇంకోటి, వానాకాలంలోనూ చలికాలంలోనూ పొద్దున పూట చాలాసార్లు పైనంతా మంచే ఉంటుంది. రెండు గంటలు ట్రాఫిక్‌లో పడి వెళ్లాక తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. కొందరికి అదీ బాగుంటుంది.

నందికే వెళ్లాలి, కానీ నడవాలి కూడా అనుకునేవాళ్లకి ఒక దారి ఉంది. సుల్తాన్‌పేట వైపు నుంచి పాత రాతి మెట్ల దారి పైకి వెళ్తుంది. రోడ్డు రాకముందు మనుషులు ఎక్కిన దారి అది. మెట్లు వెయ్యికి పైనే. చాలాచోట్ల నీడ ఉంటుంది, మధ్యలో కోట ద్వారాలు, పాత గోడలు వస్తాయి. ఘాట్ రోడ్డు మీద హారన్లు మోగుతుంటే ఈ మెట్ల మీద పిట్టల అరుపులు వినపడతాయి. ఒకే లోపం, ఎక్కడం అయిపోయాక తేలేది మళ్లీ అదే సెల్ఫీల గుంపులో. అయినా కార్ ఉండి, మొదటిసారి నడక మొదలుపెట్టేవాళ్లకి ఇదే చెప్తాను. దారి తప్పే భయం లేదు, పైన తినడానికి దొరుకుతుంది, కాళ్లు పట్టేస్తే దిగడానికి ఏదో ఒక బండి దొరుకుతుంది.

స్కందగిరి: ఇప్పుడు అదీ నిశ్శబ్దంగా లేదు

"నందికి ప్రత్యామ్నాయం" అని ఎవర్ని అడిగినా ముందు చెప్పేది స్కందగిరి. ఊరివాళ్లు కళవార దుర్గ అంటారు. సుమారు 1450 మీటర్లు, నందికన్నా రవ్వంత తక్కువ. చిక్కబళ్లాపురం ఊరికి దగ్గరే. కింద పాపాఘ్ని మఠం ఉంది, అక్కడి నుంచే నడక. ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది, అలవాటున్నవాళ్లకి గంటన్నర. పైన కూలిపోయిన కోట గోడలు, చిన్న గుడి ఉంటాయి. అదృష్టం బాగుంటే చలికాలం పొద్దున మీ కాళ్ల కింద మేఘాలు పాలపొంగులా పరుచుకుని ఉంటాయి. ఇంటర్నెట్లో మీరు చూసే ఫోటోలు అవే, అబద్ధం కాదు. కాకపోతే అలాంటి పొద్దు పది సార్లలో రెండు మూడు సార్లు దొరుకుతుంది. నేను మూడు సార్లు వెళ్తే ఒక్కసారే చూశాను.

ఇక్కడ జనం నందికన్నా తక్కువే. అయితే అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ ఉండడం వల్ల వచ్చేవాళ్లంతా ఒకే టైముకి, తెల్లవారుజామునే వస్తారు. చీకట్లో టార్చిలైట్ల వరస చూస్తే అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు కొండెక్కుతున్నట్టు ఉంటుంది. ఎవరో ఒకరు బ్లూటూత్ స్పీకర్ తెస్తారు, ఆ ఒక్కటి చాలు. కాబట్టి నిశ్శబ్దం కోసమైతే సూర్యోదయం స్లాట్ వదిలేసి, దొరికితే తర్వాతి టైము తీసుకోండి. మేఘాలు పోతాయి, మనుషులూ పోతారు. నాకు ఆ బేరం నచ్చింది. దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త, చిన్న గులకరాళ్ల మీద కాలు జారుతుంది. నేను పడ్డది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే.

వచ్చే దారిలో ముద్దేనహళ్లి చూసి రండి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు, ఆయన ఇంటిని మ్యూజియంగా ఉంచారు. ఆయన ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం పాత ప్రకాశం జిల్లాలోని ఊరు, పూర్వీకులు అక్కణ్ణుంచి వచ్చినవాళ్లే. పిల్లలకి కొండ కన్నా ఆ ఇల్లే ఎక్కువ గుర్తుండిపోయింది, ఎందుకో.

మాకళిదుర్గ: నా ఓటు దీనికే

హిందూపురం, ధర్మవరం వైపు రైలెక్కినవాళ్లంతా ఈ కొండని చూసే ఉంటారు. దొడ్డబళ్లాపురం దాటాక రైలు కొండల మధ్య వంపులు తిరుగుతూ పోతుంది. అక్కడ కిటికీలోంచి నల్లటి బోడిగుండు ఒకటి, దాని నెత్తిన కోట గోడ కనిపిస్తుంది. మాకళిదుర్గ అనే చిన్న స్టేషన్ కూడా ఉంది. నేను పదేళ్లు ఆ దారిన ఊరికి వెళ్తూ, ఆ కొండని చూస్తూ, ఒక్కసారి కూడా దిగలేదు.

ఎత్తు 1117 మీటర్లే. నందితో పోలిస్తే పొట్టిది. కానీ కార్లో పైకి పోయే కొండని ఎత్తుతో కొలిస్తే లాభమేముంది, కాళ్లతో ఎక్కేది ఎంత అన్నదే లెక్క. ఇక్కడ మొత్తం మీరే ఎక్కాలి. మొదట ముళ్లకంపల మధ్య కాలిబాట, తర్వాత పరుపుబండలు. బండల మీద అక్కడక్కడా బాణం గుర్తులుంటాయి. రెండు మూడు చోట్ల చేతులు కూడా వాడాలి, కానీ భయపడేంత కాదు. మా పెద్దోడు పదేళ్లప్పుడు ఎక్కాడు. చిన్నదాన్ని మాత్రం తీసుకెళ్లలేదు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకి వద్దని నా మాట.

పైన పాత శివుడి గుడి, నంది, శిథిలమైన కోట ఉన్నాయి. మార్కండేయ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని చెప్పుకుంటారు. నాకు నచ్చింది మాత్రం కిందికి చూస్తే కనిపించే రైలు. మొదటిసారి ఎక్కిన రోజు పైన బండ మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాం. అప్పుడే లోయలో ఒక గూడ్స్ బండి వచ్చింది. అంత పొడవు బండి మొత్తం, ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా, ఒక్కసారే కంటికి ఆనింది. ముందు భాగం ఒక మలుపులో, వెనక భాగం ఇంకో మలుపులో ఉంది. గొంగళిపురుగు ఆకు అంచు పట్టుకుని పాకుతున్నట్టు. శబ్దం మాత్రం మనదాకా కాస్త ఆలస్యంగా వచ్చింది. మా వాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి యాభై దగ్గర తప్పిపోయి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేలోపు బండి కొండ చాటుకి పోయింది. ఇంకో బండి వచ్చేదాకా దిగనని కూర్చున్నాడు. గంట కూర్చున్నాం. ఆ గంటలో పైకి వచ్చిన మనుషులు నలుగురు.

ఇలాంటి గంట నందిలో దొరకదు.

దీనికి లోపాలూ ఉన్నాయి. నీడ లేదు, ఎండాకాలంలో ఆ బండ పెనం లెక్క కాలుతుంది. మార్చి నుంచి మే దాకా అటు వెళ్లకండి. పైన నీళ్లు లేవు, తినడానికి లేదు, బాత్‌రూమ్ లేదు. ఆడవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. చాలా ట్రెక్ వ్యాసాల్లో ఈ సంగతి రాయరు. దొడ్డబళ్లాపురంలోనే ఏదైనా హోటల్లో ఆగి, టిఫిన్ చేసి, ఆ పని చూసుకుని బయల్దేరండి. వానలో బండ జారుతుంది, నల్లగా పాచి పట్టిన చోట కాలు పెట్టొద్దు.

రైల్లో వెళ్లడమే దీని అందం. బెంగళూరు నుంచి హిందూపురం వైపు వెళ్లే ప్యాసింజర్ బండ్లు కొన్ని అక్కడ ఆగుతాయి, ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి ముందు రోజు చూసుకోండి. యలహంకలో ఎక్కితే ఇంకా సుఖం. ఒక్క హెచ్చరిక, స్టేషన్ నుంచి కొండ దగ్గరికి పట్టాల వెంబడే నడిచిపోయే అలవాటు చాలామందికి ఉంది. ఫోటోల కోసం పట్టాల మీద కూర్చునేవాళ్లూ ఉన్నారు. అక్కడ మలుపులు ఎక్కువ, బండి వచ్చేది కనపడదు. ఊళ్లో దారి అడిగి వెళ్లండి, పది నిమిషాలు ఎక్కువ పడితే పడుతుంది.

దగ్గర్లోనే ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడి. మనవాళ్లలో నాగదోషం, సంతానం మొక్కులున్నవాళ్లకి ఈ గుడి బాగా తెలుసు. ఒకే రాతిలో తూర్పు ముఖంగా సుబ్రహ్మణ్యుడు, పడమర ముఖంగా నరసింహుడు ఉంటారు. వెనక ఉన్న నరసింహుణ్ణి అద్దంలో చూస్తాం. మా అమ్మకి కొండ పేరు చెప్తే రాదు, ఘాటి పేరు చెప్తే వస్తుంది. అమ్మని గుడి దగ్గర దింపి నేను కొండెక్కి వచ్చిన రోజు ఒకటుంది. ఇద్దరికీ గిట్టుబాటైంది.

కైవారం: తెలుగు వినపడే కొండ

చింతామణి వైపు, నంది నుంచి తూర్పున ఉంటుంది కైవారం. ట్రెక్ లెక్కలో చూస్తే దీనికి మార్కులు తక్కువే. రోజంతా నడిచే కొండ కాదు, కాసేపు ఎక్కి, కాసేపు కూర్చుని, దిగి భోజనం చేసే కొండ. కానీ తెలుగు చదివేవాళ్లకి ఇది మిగతావాటికన్నా దగ్గరగా తోస్తుంది. కైవారం తాతయ్య, అంటే యోగి నారేయణ, ఇక్కడివాడే. గాజులమ్ముకుని బతికిన మనిషి. తర్వాత యోగి అయ్యి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు రాశాడు, తెలుగులో కాలజ్ఞానం చెప్పాడు. "అమర నారేయణ" ఆయన ముద్ర. మనకి కాలజ్ఞానం అంటే పోతులూరి వీరబ్రహ్మం గారే గుర్తొస్తారు, కర్ణాటకలో తెలుగు కాలజ్ఞానం ఉన్న ఊరు ఒకటుందని చాలామందికి తెలియదు.

ఊళ్లో భీమలింగేశ్వరుడి గుడి ఉంది. భారతంలో ఏకచక్రపురం ఇదేనని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని చెప్పుకుంటారు. నేను వెళ్లిన రోజు కొండ దారిలో మేకల్ని తోలుకొస్తున్న ఒక అవ్వ ఎదురైంది. "యాడికి పోతా ఉండారు నాయనా, పైన ఏముందని?" అంది. కొండ చూద్దామని అన్నాను. "మేకలు ఆకుకోసం పోతాయి, మీరెందుకు పోతారో" అని నవ్వి, మళ్లీ తనే, "పోండి పోండి, కోతులున్నాయి, సంచి చేతిలో పట్టుకోవద్దు, ఈపుకి తగిలించుకో" అని చెప్పింది. మా ఊరి యాసకి అణువంత తేడా, అంతే. దగ్గర్లోనే కైలాసగిరి గుహలున్నాయి, కొండని తొలిచి కట్టిన శివాలయం. వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు, నడిచేవాళ్లు, నడవనివాళ్లు అందరూ కలిసిన గుంపైతే నంది తర్వాత నేను చెప్పేది కైవారమే.

చన్నగిరి: వెళ్లాలని గట్టిగా ఉంటేనే

టీ కొట్టు ఆయన చూపించిన కొండ. నందికి ఇంత దగ్గర్లో ఇంత తక్కువమంది వెళ్లే కొండ ఇంకోటి లేదు. బోర్డులు తక్కువ, దారి చీలికలు ఎక్కువ. కింద జామాయిల్ చెట్లు, పైకి పోయేకొద్దీ అడవి. నేను తెలిసిన ఒక గైడ్‌తో, ఆగస్టులో వెళ్లాను. గడ్డి నడుముదాకా ఉంది, మోకాళ్ల కింద ప్యాంటు పూర్తిగా తడిసిపోయింది. మధ్యలో రెండు సార్లు గైడ్ ఆగి, ఎటు పోవాలో ఆలోచించుకున్నాడు. ఆయనకే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది.

పైకి చేరాక ఎదురుగా నంది కనపడుతుంది. పడుకున్న ఎద్దులా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. నంది మీద నిలబడితే ఆ పోలిక మనకి కనపడదు కదా. ఇక్కణ్ణుంచి చూస్తే మూపురం, వీపు, వంచిన తల, అన్నీ కాకపోయినా సగం కనపడతాయి, మిగతా సగం మనం ఊహించుకోవాలి. పెన్నేరు పుట్టింది ఈ వైపే అని గైడ్ చెయ్యి చూపించాడు. వానలో తడిసిన బండల మీంచి సన్నగా నీళ్లు జారుతున్నాయి, చెంబు పెడితే నిండడానికి కాసేపు పట్టేంత ధార. జమ్మలమడుగులో అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. "ఇంతేనా?" అంది. కాసేపాగి, "మన ఏట్లో అయితే ఇది కూడా లేదులే" అంది.

ఈ కొండకి అటవీ శాఖ అనుమతి, గైడ్ ఉంటేనే వెళ్లండి. స్లాట్ దొరక్కపోతే ఆ వారం ఇంకో కొండకి పోండి. గూగుల్ మ్యాప్‌లో చుక్కల గీత కనపడిందని సొంతంగా వెళ్లడం మంచిది కాదు. 2021 ఆగస్టులో ఈ వరసలోనే కొండచరియలు విరిగిపడి నంది రోడ్డు కొన్ని నెలలు మూసేశారు. 2022 ఫిబ్రవరిలో పక్కనున్న బ్రహ్మగిరి రాళ్ల మీంచి జారిపడి ఇరుక్కున్న ఒక కాలేజీ కుర్రాణ్ణి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి తీయాల్సి వచ్చింది. బెంగళూరుకి గంటన్నర దూరమే కదా అని ఈ కొండల్ని తేలిగ్గా తీసుకుంటాం. కాలు బెణికితే ఆ గంటన్నర ఎంత పొడుగ్గా ఉంటుందో స్కందగిరి దిగేటప్పుడు నాకు తెలిసింది.

ఎంచుకునే ముందు మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

ఎవరితో వెళ్తున్నారన్నది మొదటిది. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లని బట్టి కొండని ఎంచుకోండి, అందరికన్నా హుషారుగా ఉన్న కుర్రాణ్ణి బట్టి కాదు. మా ఆఫీసు వాళ్లు తొమ్మిదిమంది స్కందగిరి వెళ్తే ముగ్గురు సగంలో కూర్చుండిపోయారు, మిగతావాళ్లు పైకి పోయి హడావిడిగా ఫోటోలు తీసుకుని దిగారు. ఎవరికీ సరదా దక్కలేదు.

రెండోది టైము. సూర్యోదయం నిజంగా కావాలా? కావాలంటే రెండున్నరకి లేవాలి, డ్రైవింగ్ చేసేవాడు తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద కునుకు తీస్తాడు. నా మటుకు నేను తెల్లవారుజాము వదిలేసి చాలా రోజులైంది. ఏడున్నరకి కొండ కింద ఉంటే చలికాలంలో పదకొండు దాకా హాయిగా నడవొచ్చు. లేదంటే మధ్యాహ్నం మూడుకి మొదలుపెట్టి వెలుగుండగానే దిగిపోవచ్చు. వానాకాలంలో మధ్యాహ్నం పూట ఉరుములతో వాన పడే రోజులుంటాయి, బోడి బండ మీద పిడుగులకి దాక్కునే చోటుండదు. మబ్బు నల్లబడితే పైకి పోవడం ఆపి దిగిపోవడమే.

మూడోది బుకింగ్. ట్రెక్ దారులకి అటవీ శాఖ పర్యావరణ పర్యాటకం సైట్లో ముందే టికెట్ తీసుకోవాలి, తలకి కొన్ని వందలవుతుంది, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి. వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసేస్తుంటారు. వాట్సాప్‌లో "నైట్ ట్రెక్, క్యాంప్ ఫైర్, డీజే" అని వచ్చే ప్యాకేజీలకి డబ్బు కట్టకండి. నేనూ ఒకసారి కట్టాను. రాత్రి పన్నెండింటికి చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపించారు, డబ్బు ఇప్పటికీ వెనక్కి రాలేదు.

తీసుకెళ్లాల్సినవాటిలో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గ్రిప్ ఉన్న బూట్లు, టోపీ, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. తినుబండారాలు బ్యాగు లోపల పెట్టండి, ప్లాస్టిక్ కవరు గలగలమంటే చాలు, కోతులు దిగుతాయి. నందిలో కోతి నా చేతిలోని మిరపకాయ బజ్జీ తీసుకుని, మూడడుగుల దూరంలో కూర్చుని నన్ను చూస్తూ తినింది. రాళ్ల కింద తేనెపట్లు ఉంటాయి కాబట్టి సెంటు కొట్టుకోవద్దు, సిగరెట్టు అసలే వద్దు.

నెలల విషయానికొస్తే, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని కొండలూ బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో పచ్చదనం ఎక్కువ, జారుడూ ఎక్కువ. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే తిరుగు దారిలో రోడ్డు పక్కన నల్ల ద్రాక్ష దొరుకుతుంది, బెంగళూరు బ్లూ అనే రకం. గింజలుంటాయి, పులుపుంటుంది, పెద్ద షాపుల్లో దొరికే తియ్యటి ద్రాక్షలా ఉండదు. మా ఇంట్లో నాకొక్కడికే నచ్చుతుంది.

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం నుంచి కార్లో బెంగళూరు వచ్చేవాళ్లకి ఇంకో మాట. చిక్కబళ్లాపురం మీ 44వ నంబరు హైవే మీదే ఉంది. దీని కోసం ప్రత్యేకంగా ఒక రోజు పెట్టుకోనక్కర్లేదు. తెల్లారేసరికి చిక్కబళ్లాపురం దగ్గరికి వచ్చేలా బయల్దేరితే, ఊళ్లోకి ట్రాఫిక్ తగ్గేదాకా భోగనందీశ్వరుడి గుడి చూసి, సుల్తాన్‌పేట మెట్లు సగం దాకా ఎక్కి దిగొచ్చు. పైదాకా పోవాలని రూలేం లేదు.

ఒక్క ఆదివారమే ఉంది, కార్ లేదు, ఎప్పుడూ ట్రెక్ చేయలేదు అంటారా, మాకళిదుర్గే. పొద్దున ప్యాసింజర్ బండి ఎక్కండి, పులిహోర కట్టించుకోండి, పైన ఒక గూడ్స్ బండి వచ్చేదాకా కూర్చోండి. తిరుగు రైలు తప్పిపోయినా కంగారు లేదు. ఆటోలో ఘాటి దాకా వెళ్తే అక్కణ్ణుంచి దొడ్డబళ్లాపురానికి బస్సులుంటాయి. ఆదివారం సాయంత్రం వాటిలో సీటు మాత్రం దొరకదు.